నా గాల్‌బ్లాడర్, రోబో చెయ్యి, మా అమ్మ

మా ఊరు గద్వాల దగ్గర, ధరూర్ మండలంలో. ఆ రోజు మా చిన్నాన్న కొడుకు పుట్టువెంట్రుకల దావత్. బగారన్నం, మాంసం కూర కడుపునిండా తిని, ఎవరూ లేని గదిలో పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. ఒక పేజీ తిప్పానో లేదో, కుడి డొక్క కింద ఎవరో చెయ్యి పెట్టి పిండినట్టయింది. నొప్పి వీపు మీదుగా భుజం దాకా పాకింది. బయట ఇంటినిండా చుట్టాలు. వాళ్ల మధ్యకు వెళ్లి నాకు నొప్పిగా ఉందని చెప్పడం కంటే ఆ నొప్పే నయమనిపించింది. మూలకు ముడుచుకుని కూర్చున్నాను.

అమ్మ చూసి దిష్టి అంది. ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. చిన్నమ్మ సోడా తాగించింది. కాసేపటికి నొప్పి తగ్గింది. దిష్టి తీస్తే తగ్గిందా, సోడాతో తగ్గిందా అని వాళ్లిద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. నన్నెవరూ అడగలేదు.

నొప్పి మళ్లీ మళ్లీ వచ్చేసరికి గద్వాలలో ఒక డాక్టరు దగ్గరకు తీసుకెళ్లారు. కొత్తవాళ్ల ముందు నాకు మాట రాదు. అమ్మ ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెబుతుంది. చిన్నప్పటి నుంచి మా ఇద్దరికీ అలా కుదిరిపోయింది. నొప్పెక్కడని డాక్టరు అడగ్గానే అమ్మ తన పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, "గ్యాస్ సార్. పొద్దుగూకుల కూసొని చదువుతనే ఉంటది" అంది. ఆయన స్టెతస్కోపు అమ్మ వైపు చాపి, మధ్యలో ఆగి, "నొప్పి నీకా, పిల్లకా?" అన్నాడు. చివరికి గ్యాస్ మాత్రలే రాశాడు. డిగ్రీ పరీక్షలు అయ్యేదాకా అవి మింగుతూనే ఉన్నాను.

పరీక్షలయ్యాక నొప్పితోపాటు వాంతులు మొదలయ్యాయి. స్కానింగ్ తీస్తే గాల్‌బ్లాడర్ స్టోన్స్ అన్నారు. రాళ్లు అనగానే మా ఇంట్లో కారణం కూడా దొరికింది. బియ్యం ఏరే పని నాది. ఒళ్లో పుస్తకం పెట్టుకుని ఏరుతాను. "పుస్తకం చూసుకుంట బియ్యమేరితే గిట్లనే అయితది" అంది అమ్మ. ఆ అన్నం అందరూ తిన్నారు కదా అని అడగాలనిపించింది. అడగలేదు. డైరీలో రాసుకున్నాను.

ఆపరేషన్‌కు హైదరాబాద్ వెళ్లాం. సర్జన్ నెమ్మదస్తుడు. లాప్రోస్కోపీ చేస్తామని, చిన్న రంధ్రాలు చాలని చెప్పాడు. లోపల కెమెరా పట్టుకోవడానికి మనిషికి బదులు ఒక రోబోటిక్ చేతిని కొత్తగా వాడి చూస్తున్నారట. సర్జన్ చేతిలోని పరికరాలు ఎటు కదులుతున్నాయో గమనించి, ఆయన తర్వాత ఎక్కడ చూడాలనుకుంటాడో అది ముందే ఊహించి కెమెరాను అటు తిప్పుతుందట. కోసేది మాత్రం ఆయనే. మేం ఒప్పుకుంటేనే దాన్ని వాడతారట. అడగకముందే కదిలే నోరు మా ఇంట్లో ఇదివరకే ఒకటి ఉంది కాబట్టి నాకు పెద్దగా ఆశ్చర్యం కలగలేదు.

నాన్నకు మాత్రం అనుమానం వచ్చింది. "మా బోరుకు ఆటో పెట్టినం సార్. కరెంటు రాంగనే మోటరు దానంతటదే చాలూ అయితది. మడి నిండినా ఆగది. మీ చెయ్యి గూడ గట్లనేనా?"

డాక్టరు నవ్వాడు. "దాని ఊహ తప్పయితే కింద పెడల్ ఉంటుంది. కాలితో నొక్కగానే ఆగిపోతుంది."

"మా దానికి గా పెడల్ లేదు సార్" అన్నాడు నాన్న దిగులుగా. ఒప్పుకోలు కాగితం వచ్చింది. పెన్ను కోసం అమ్మ చెయ్యి చాపింది. డాక్టరు దాన్ని నాకిచ్చాడు.

ఆపరేషన్ ముందు రోజు మత్తు డాక్టరమ్మ ఫైలు పట్టుకుని వార్డుకొచ్చింది. బీపీ, షుగర్, ఆస్తమా అన్నిటికీ అమ్మే లేవని చెప్పింది. "ఏదైనా మందు పడదా?" అని డాక్టరమ్మ అడిగింది.

"ఏం లేదు మేడం. ఒక్క సూది గూడ ఎరుగది" అని అమ్మ మా మామయ్య అపెండిక్స్ సంగతి మొదలుపెట్టింది.

కానీ నాకు తెలుసు. వనపర్తి హాస్టల్లో ఇంటర్ చదివేటప్పుడు గొంతునొప్పికి మింగిన మందుతో ముఖమంతా వాచి ఊపిరాడలేదు. వార్డెనమ్మ నన్ను దవాఖానాకు మోసుకెళ్లినంత పని చేసింది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఎప్పటిలాగే బాగున్నానన్నాను. ఇప్పుడు నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. డాక్టరమ్మ పెన్ను కాగితం మీద కదులుతోంది. ఏం చెయ్యాలో తోచక, మంచం మీద నుంచి కాలు చాపి అమ్మ కాలు గట్టిగా తొక్కాను.

అమ్మ అబ్బా అని ఆగిపోయింది. వార్డంతా మా వైపు చూసింది.

"నాకు యాంపిసిలిన్ పడదు మేడం. హాస్టల్ల ఉన్నప్పుడు మొఖమంత వాచింది. ఊపిరాడలే."

ఆమె తలెత్తి, కుర్చీ దగ్గరకు లాక్కుని, అన్నీ నన్నే అడిగింది. రేపు పొద్దున ఇవ్వాలనుకున్న ఇంజెక్షన్ ఆ జాతిదేనని, చెప్పకపోయుంటే ప్రాణం మీదికి వచ్చేదని చెప్పి, ఫైలు మీద ఎర్ర పెన్నుతో పెద్దగా రాసింది. ఆమె వెళ్లాక అమ్మ చాలాసేపు కాలు రుద్దుకుంటూ కూర్చుంది.

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వడగలే."

అమ్మ దగ్గరకు జరిగి, అప్పుడేమైందో చెప్పమని అడిగింది. అది కొత్త.

థియేటర్లో ప్లాస్టిక్ కవరు కప్పుకుని, మెడ వంచి నిలబడ్డ ఆ చేతిని చూశాను. నాకంటే సిగ్గరిలా ఉంది. తర్వాత ఏమైందో నాకు తెలియదు. మెలకువ వచ్చాక పొట్టలో కంటే భుజంలో నొప్పి ఎక్కువగా ఉంది. రౌండ్స్‌కు వచ్చిన సర్జన్ నొప్పి ఎలా ఉందని అడిగాడు. అమ్మ నోరు తెరిచి, మూసుకుని, కాళ్లు కాస్త వెనక్కి లాక్కుంది. "చెప్పు, నిన్నే అడుగుతుండు" అంది.

చెప్పాను. ఆపరేషన్ కోసం కడుపులో గ్యాస్ నింపుతారని, మిగిలిన గ్యాస్ వల్లే భుజం నొప్పి అని, నాలుగు రోజుల్లో పోతుందని ఆయన అన్నాడు. అమ్మ ముఖం వెలిగిపోయింది. "నేను మొదటిసంది గ్యాసే అంటున్న గద!"

నాన్న రోబో చేతి గురించి అడిగాడు. బాగానే పనిచేసిందట. మధ్యలో ఒకసారి లివర్ చూద్దామని అటు పోయిందట, పెడల్ నొక్కాల్సి వచ్చిందట.

ఇప్పుడు ఆత్మకూరులో ఒక స్కూల్లో పాఠాలు చెబుతున్నాను. అన్నీ తింటున్నాను. నా రాళ్లు చిన్న సీసాలో ఉన్నాయి. వచ్చినవాళ్లందరికీ అమ్మ చూపిస్తుంది. బియ్యం ఏరే పని మాత్రం మళ్లీ నాకివ్వలేదు.

చదివేవాళ్లకు ఒక్కటే చెబుతాను. మీకు పడని మందు పేరు గుర్తుంచుకోండి. పక్కన ఎంత ప్రేమగలవాళ్లున్నా సరే, దాన్ని మీ నోటితోనే చెప్పండి.

మొన్న అమ్మను మోకాళ్ల నొప్పికి గద్వాల తీసుకెళ్లాను. ఎప్పటి నుంచి అని డాక్టరు అడగ్గానే, పోయిన వానాకాలం నుంచి సార్, మెట్లెక్కితే ఎక్కువ అని మొదలుపెట్టాను. బల్ల కింద నా కాలు మీద అమ్మ కాలు పడింది.

"జర ఆగవే" అంది అమ్మ. "మోకాళ్లు నావి."