పెట్టె లోపలి చిట్టీ

ఒక ఇంజనీరు అతితెలివి వల్ల మా నాన్నకు ఎడమ కంటి చూపు పోయింది. ఈ మాట చాలామంది ముందు అన్నాను, ఇప్పుడు రాస్తున్నాను కూడా.

పోర్ట్ బ్లెయిర్‌లో ఒక కంటి ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకోవడం నా ఉద్యోగం. కంటి లోపలి తెర ఫోటోలు ఇక్కడ తీస్తాం. మెయిన్‌ల్యాండ్‌లో ఉన్న పెద్ద డాక్టరు రోజూ మధ్యాహ్నం కాసేపు వాటిని చూసి, ఎవరికి వెంటనే ఆపరేషన్ కావాలో చెబుతారు. ఆ ఫోటోలు పంపేది ఒక వర్చువల్ మెషీన్, అంటే అసలు కంప్యూటర్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్. అది లేవగానే నీ పేరు ఇది, అడ్రసు ఇది, ఫోటోలు ఫలానా చోట ఉన్నాయి అని దానికి ఎవరో ఒకరు చెప్పాలి.

మేం దానికి చిన్న డిస్కు ఒకటి తగిలించి ఆ వివరాలన్నీ అందులో పెట్టేవాళ్లం. అది నాన్న దగ్గర నేర్చుకున్న పద్ధతి. ఈ ఊళ్లోనే డిగ్నాబాద్ పేటలో మాకు చేపల వలల దుకాణం ఉంది. వేరే దీవులకు ఓడలో సరుకు పంపేటప్పుడు, అట్టపెట్టె మీది అడ్రసు ఉప్పునీటికి చెరిగిపోతుందని నాన్న లోపల కూడా ఒక చిట్టీ పడేస్తాడు. పెట్టె ఏ ఓడ ఎక్కినా చిట్టీ దాంతోనే ఉంటుంది.

కొత్త కంప్యూటర్లు బిగించడానికి హెడ్డాఫీసు ఇంజనీరు విమానంలో దిగాడు. మా డిస్కు చూసి నవ్వాడు.

"ఇదేంటి మేడమ్, రాతియుగమా? వివరాలు కింద ఉన్న అసలు కంప్యూటరే ఇస్తుంది కదా" అని దాన్ని పీకేశాడు.

"భయ్యా, కొత్తవాటిలో సగం వేరే రకం ప్రాసెసర్లు. వాటిలో ఆ ఏర్పాటు లేదు. ఒకసారి చెక్ కర్‌లో, చూసుకో."

"మా ఆఫీసులో అన్నిటి మీదా నడిచింది."

అక్కడున్నవన్నీ ఒకే రకం. డిస్కులు మార్చడానికి కావలసిన పాస్‌వర్డు మార్చి తన దగ్గరే పెట్టుకుని, మర్నాడు పొద్దున్నే పడవెక్కి బీచ్ చూడ్డానికి పోయాడు.

ఆ పొద్దునే నాన్న ఆసుపత్రికి వచ్చాడు. "ఎడం కంటికి ఏటో నల్ల పరదా దిగినట్టుందమ్మా" అన్నాడు. ఫోటో తీశాం. పంపబోతే, ఆ రోజు ఆ వేరే రకం కంప్యూటర్ మీద లేచిన మెషీన్ తన పేరూ ఊరూ తెలియక మొద్దులా కూర్చుంది. డిస్కు తగిలిస్తే చాలు, కానీ పాస్‌వర్డు లేదు. అతని ఫోను కలవలేదు. అసలు ఫోటోలు పంపే దారి ఆ మెషీన్ ఒక్కటే. కంప్యూటర్ తెర మీది బొమ్మను సెల్‌ఫోన్లో తీసి పంపితే, ఇందులో ఏమీ తెలియడం లేదు, అసలు ఫోటో కావాలి అన్నారు డాక్టరు. మధ్యాహ్నం గడిచిపోయింది.

సాయంత్రం ఎండకు కమిలిన మొహంతో, ఇసుక చెప్పులతో వచ్చాడు మహానుభావుడు. "డిస్కు పెట్టు" అన్నాను. పెట్టాడు, మెషీన్ లేచింది. మర్నాడు డాక్టరు ఫోటో చూసి, కంటి లోపలి తెర ఊడిపోయింది, నిన్న పంపి ఉంటే చూపు దక్కేది అన్నారు. చెన్నై తీసుకెళ్లాం. ఆపరేషన్‌తో తెర అతుక్కుంది, చూపు రాలేదు.

కొన్నాళ్లకు హెడ్డాఫీసు నుంచి మెయిలు వచ్చింది. పని విజయవంతంగా పూర్తయిందట, అతనికి అభినందనలట. ఒళ్లు మండిపోయింది. అందరికీ జవాబుగా నాన్న కంటి ఫోటో పంపాను.

నాన్న ఇప్పటికీ పెట్టెలు కడతాడు. మొన్న చిట్టీ రాస్తూ కాగితం అంచు దాటి బల్ల మీద రాసేశాడు.

"ఛోడ్ దే అమ్మా, ఇక నా వల్ల కాదు, నువ్వే రాసీ" అన్నాడు.

రాసిచ్చాను. పెట్టె మూసేముందు చెయ్యి లోపల పెట్టి, చిట్టీ ఉందో లేదో తడిమి చూసుకున్నాడు.