కాళ్లు పడని ఫొటో

గుండె గట్టిగ పట్టుకొని చదవాల్సిన మహాగాథ ఒకటి చెప్తున్న. మూడు ఊర్లు, ఒక ప్రాణం, ఒక నీడ. చదివినంక మీరు లైటు ఆర్పి పడుకోలేరు.

పడుకుంటరు. నేను పడుకున్న. ఇందుల తెల్లచీర లేదు, గజ్జెల చప్పుడు లేదు. అసలు సంగతి పట్టపగలు, ఎల్లిగడ్డల కుప్ప పక్కన జరిగింది. పైగా దయ్యాలంటే నాకు ఎన్నడూ నమ్మకం లేదు. మా వాడకట్టుల దయ్యం పట్టిందన్న వాళ్లందరికీ తర్వాత షుగర్ అని తేలింది.

నేను జగిత్యాలల ఒక ఫొటో స్టూడియోల పనిచేస్త. పెండ్లి ఆల్బమ్‌లు తయారు చేసుడు, పెండ్లికొడుకు మొఖం మీది మొటిమలు తీసేసుడు. ఖాళీ దొరికితే నా కెమెరా పట్టుకొని బజార్ల తిరుగుత. అది మల్లేశం మామ కొనిచ్చింది. అమ్మ తమ్ముడు. కోనరావుపేట దగ్గర కల్లు గీయనీకి తాళ్లెక్కుతడు. నాయిన పోయినంక నన్ను చదివించింది ఆయనే. కెమెరా చేతిల పెట్టి, "అల్లుడా, ఊకె గోడలు తియ్యకు, మనుషులను తియ్యి" అన్నడు.

మనుషులంటేనే నాకు భయం. అందుకే కెమెరాను ఛాతి మీద వేలాడదీసి, ఎటో చూస్తున్నట్టు నటించుకుంట నొక్కుత. ఏం పడ్డదో ఇంటికొచ్చి చూసేదాక నాకే తెల్వదు.

రోజూ పొద్దుగూకే ముందు డాబా మెట్ల మీద కూసొని, ఆ రోజు ఫొటోలు లాప్‌టాప్‌ల పెట్టి నన్ను నేనే తిట్టుకుంట. ఒకటే నియమం: తప్పేందో పైకి చెప్పకుండ ఏ ఫొటో చెరపొద్దు. ఈమె నెత్తిల నుంచి కరెంటు స్తంభం మొలిచింది. ఈయన మంచిగ నవ్విండు గని నువ్వు దూరం నిలబడ్డవ్, పిరికోడా. ఇంగ నా ఇంటిపేరైపోయిన తప్పు ఇంకోటుంది: కాళ్లు కోసినవ్. ఎవల్ని తీసినా చీలమండల కాడికి కోసేసుడే.

పక్కింటి పెద్దమ్మ ఒకరోజు గోడ మీదికెల్లి అడిగింది, రోజూ ఎవల్ని తిడుతున్నవని. నన్నే అన్న. "మంచిగ తిడుతున్నవ్ బిడ్డా, కానియ్యి" అన్నది.

కొన్ని నెలలు గట్ల తిట్టుకుంటే నిజంగనే మెరుగైన. మొదట్ల అన్నీ వీపులే ఉండె. తర్వాత మొఖాలొచ్చినయి. కాళ్లే రాలె.

ఆ రోజు పొద్దుగాల ఒక ఆల్బమ్ ఇచ్చేదుంటే బండి మీద కోరుట్ల పోయిన. పని అయినంక అంగడిల తిరుగుకుంట ఎప్పటిలెక్క నొక్కిన. సాయంత్రం ఇంటికొస్తే తాళం. అమ్మ మామ వాళ్లూరికి పోయిందని పెద్దమ్మ తాళంచెవి ఇచ్చింది. చాయ పెట్టుకొని మెట్ల మీద కూసున్న.

నాలుగైదు ఫొటోలు తిట్టినంక ఒకటొచ్చింది. రెండు పరదాల సందుల నుంచి ఎండ పడ్డది. కింద ఎల్లిగడ్డల కుప్ప. దాని పక్కన మల్లేశం మామ, భుజం మీద తువ్వాల, నేరుగ కెమెరా దిక్కు చూస్తున్నడు. నేను తీసిన వాటిల్ల అంత మంచిది అదివరకు లేదు. నియమం ప్రకారం తప్పు ఎతికిన. కాళ్లు కోసినవ్. అది తప్ప ఇంకేం దొరకలే.

నవ్వుకుంట అమ్మకు ఫోన్ చేసిన. "మీ తమ్ముడు కోరుట్ల దాక వచ్చి మనింటికి రాకుండ పోయిండు, గింత పౌరుషమా" అన్న.

అమ్మ మెల్లగ చెప్పింది. మామకు పొద్దుగాల కడుపునొప్పి లేస్తే సిరిసిల్ల దవాఖానకు తీసుకపోయిన్రట. అపెండిక్స్ పగిలిందట. మధ్యాహ్నం ఆపరేషన్ అయింది గని ఇంకా కండ్లు తెరువలేదట. నేను బండి మీద ఆగమైతనని నాకు చెప్పలేదట.

కెమెరాల టైము చూసిన. ఎల్లిగడ్డల ఫొటో తీసినప్పుడు మామ ఆపరేషన్ టేబుల్ మీద ఉన్నడు. కెమెరా టైము తప్పేమోనని సెల్లుతోటి పోల్చిన. ఒక్కటే.

ఇంగ ఆ ఫొటోను రోజూ చూసినట్టే చూసిన. నీడ ఉన్నది, ఎల్లిగడ్డల సంచి మీద సక్కగ పడ్డది. మొఖం సాఫుగ ఉన్నది. దయ్యాన్ని గుర్తుపట్టాలంటే మా దిక్కు కాళ్లు చూడుమంటరు, వెనక్కి తిరిగి ఉంటయంట. చూద్దామంటే కాళ్లు నేనే కోసిన. ఇన్ని నెలలు తిట్టుకున్న తప్పు గిట్ల పనికొస్తదనుకోలే.

పోయే ప్రాణం తిరిగిన జాగలన్ని చూసి పోతదని మా అమ్మమ్మ అనేది. నేను నవ్వేటోన్ని. ఆ సాయంత్రం వేములవాడ మీదికెల్లి సిరిసిల్ల దాక బండి నడుపుకుంట, రోడ్డు పక్కన తువ్వాల ఏసుకున్నోళ్లెవరి దిక్కూ చూడలే.

దవాఖానల అమ్మ, అత్తమ్మ బల్ల మీద కూసున్నరు. ఇద్దరూ ఏడ్వలే, అదే ఎక్కువ భయమనిపించింది. నేను లోపలికి పోయి మామ మొఖం చూడకముందే కాళ్ల కాడ దుప్పటి లేపిన. వేళ్లు పైకే ఉన్నయి.

"ఏం చూస్తున్నవ్?" అన్నది నర్సు.

"కాళ్లు."

"ఆపరేషన్ పొట్టకు."

తెలుసన్న. దుప్పటి కప్పుతుంటే ఒక బొటనవేలు కదిలింది. ఇంకొంచెంసేపటికి మామ కండ్లు తెరిచి, ఒకొక్కలనే చూసుకుంట నా కాడ ఆగి, "తిన్నవారా?" అన్నడు. బయటికొచ్చి గోడకు ఆనుకొని కూసున్న. అప్పుడు ఏడ్చిన. దుమ్ము పడ్డదని అమ్మకు చెప్పిన. దవాఖానల అంత దుమ్ము ఉండదని అమ్మకు తెలుసు.

రెండో రోజు నా సెల్లుల ఫొటో చూపించిన. అత్తమ్మ చూసి మంచం కింది కవర్ల నుంచి, దవాఖానకు తెచ్చిన రోజు మామ ఏసుకున్న అంగీ తీసింది. జేబు కాడ ఆమె ఆకుపచ్చ దారంతోటి కుట్టిన కుట్టున్నది. ఫొటోలనూ ఉన్నది, పెద్దగ చేస్తే కనవడుతది. మామ సెల్లు దగ్గరికి గుంజుకొని చాన సేపు చూసిండు.

"నేనే. కాళ్లేవిరా?"

"కోసిన మామా."

"పొట్ట వాళ్లు కోసిరి, కాళ్లు నువ్వు కోస్తివి."

నవ్వితే కుట్లు గుంజి, మళ్ల నన్నే తిట్టిండు.

తర్వాత కోరుట్ల పోయి ఎల్లిగడ్డలమ్మే ఆమెకు ఫొటో చూపించిన. "రోజుకు గంతమంది వస్తరు, ఎవలని యాదికుంచుకుందు? ఎల్లిగడ్డ కొంటవా?" అన్నది. అరకిల కొన్న.

ఇంకోటున్నది. నొప్పికి మెలికలు తిరుగుతుంటే మామను ఎత్తుకొచ్చి కారుల పండవెట్టిన్రు, చెప్పులు గడప కాడనే ఉండాలె. ఇంటికొచ్చినంక చూస్తే లేవు. కుక్క ఎత్కపోయి ఉంటదన్నది అత్తమ్మ. కావచ్చు. జతకు జత ఎత్కపోయే కుక్కను నేనైతే చూడలే. ఆ ఫొటో ఇంకో బెత్తెడు కిందికి పడితే తెలిసేది.

మనిషిని పోలిన మనిషి ఉంటడు, కుట్టును పోలిన కుట్టు గూడ ఉంటదేమో. ఇప్పుడు కెమెరాను పొట్ట కాడికి దించి, కొంచెం వంగి తీస్తున్న. కాళ్లు పడుతున్నయి. నా నడుము నొస్తుంది.

కుట్లు తీసిన రోజు సిరిసిల్లల మామకు కొత్త చెప్పులు కొన్న. తొమ్మిది నంబరు బిగుతైంది. వాటిని ఏసుకొని దుకాణం బయట నడవలే కాబట్టి పదికి మార్చిచ్చిన్రు.