మడత విప్పని గామోసా

మా ఊళ్లో నలుగురు చేరితే సభ, సభ అంటే దింబేశ్వర్ మాస్టారు. ఊరి ప్రార్థనామందిరం నామ్‌ఘర్ ముంగిట వేదికెక్కి, బుగ్గన వక్క నొక్కిపెట్టి, వచ్చిన పెద్దల మెడలో ఎర్రంచు కండువా, గామోసా వెయ్యడం ఆయన పని. తనకు వేసినవన్నీ ట్రంకుపెట్టెలో పడేసి, వాటినే మళ్లీ ఇంకొకరికి వేస్తాడు. ఊళ్లో అందరూ చేసేదే.

ఈ బిహు పండక్కి, గామోసాలు నేసే మాఖొనికి సన్మానం. "మన పరువంతా మన ఆడవాళ్ల మగ్గం మీదుంది" అంటూ మాస్టారు చేతికందిన గామోసా మడత విప్పి ఆమె మెడలో వేశాడు. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

"మాస్టారూ, అంచు మీద మీ పేరుందేమిటండీ?"

మాస్టారి దగ్గర చదివిన తన కొడుకు మెట్రిక్ గట్టెక్కాడని, నిరుడు ఆయన కోసం మాఖొనే నెల్లాళ్లు కూర్చుని నేసిచ్చింది. "ఎందుకమ్మా శ్రమ" అంటూ ఆయన విప్పి చూడకుండానే పెట్టెలో పడేశాడు.

మాస్టారు చటుక్కున దాన్ని వెనక్కి తీసుకోబోయాడు. మాఖొని వదల్లేదు, పేరున్న అంచుని లోపలికి మడుచుకుంది.

"ఉండనివ్వండి మాస్టారూ. మీకు ఇంకోటి నేస్తాగా. ఈసారి పేరు వెయ్యన్లెండి."

ఆయన సరేనన్నట్టు తలూపాడు. ఊపాక గానీ, దేనికి ఊపాడో తెలిసిరాలేదు.