స్తంభానికి మోకు చుట్టుకొని చెప్పిన సెమినార్

ఆ రోజుల్లో మా కోరుట్ల దిక్కు ఇంటింటికి పాస్‌పోర్టు ఉండేది, ఆ పాస్‌పోర్టు గల మనిషే ఇంట్ల ఉండకపోయేది. వానల్లేక చెట్లు ఎండితే, కల్లు గీసే మా బాపు మోకును గోడ మేకుకు తగిలేసి దుబాయికి సిమెంటు మొయ్య పోయిండు. (మోకంటే తాడిచెట్టును, గీసేటోని నడుమును కలిపి చుట్టే తాడు.) నేను జగిత్యాలల ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ. చదువు కన్నా నోరు పెద్దదని పేరు.

మా హెడ్డుకు మేం పెట్టిన పేరు సింపుల్ సార్. సెమినార్‌కు పెరుగు మీద సింపుల్‌గ చెప్పుమన్నడు. నేను వినలే, నాకు ఇంకో సంగతి నచ్చింది. బ్యాక్టీరియాకు తిండి దొరకనప్పుడు ఒక ఎంజైమ్ లోపల ఆపద సంకేతం తయారుచేస్తది. అది అందిన వెంటనే బ్యాక్టీరియా పెరుగుడు ఆపి ఉన్నదాంతోనే బతుకుతది. తిండి దొరికితే అదే ఎంజైమ్ ఆ సంకేతాన్ని విరగ్గొడ్తది. ఒళ్లు సాపితే ఒక పని, ముడుచుకుంటే ఇంకో పని. మా ఇంటి ముచ్చట లెక్కనే అనిపించి పట్టు వట్టిన. "తప్పితే ఏడాది పోతది చూస్కో" అన్నడు సారు. ఏడాదంటే, బాపుకు ఎండల ఇంకో ఏడాది మోత.

బోర్డు మీది బొమ్మలు కదలయి కదా, అందుకే మోకును సంచిల వెట్టుకొని బస్సెక్కిన. (బర్రెను కొన్నవా బిడ్డా అని పక్కసీటు పెద్దమ్మ అడిగింది.) హాలు నడిమి స్తంభానికి మోకు చుట్టి, నడుముకు ముడేసి, వెనుకకు వాలిన.

"నేనే ఎంజైమ్‌ను సార్. ఒళ్లు సాపితే తాడు బిగిసింది, చేతులు ఖాళీ, సంకేతం తయారుచేస్తున్న. గిప్పుడు స్తంభం దగ్గరికి జరిగిన, తాడు వదులైంది, విరగ్గొట్టే రూపం గిది. రెండూ ఒక్కసారే చేస్తనంటే నడుము ఇరుగుతది."

క్లాసంతా ఒకటే నవ్వు. హైదరాబాద్ నుంచి పరీక్షకు వచ్చిన మేడం మాత్రం నవ్వలే. తిండి లేదని ఎంజైమ్‌కు ఎవరు చెప్తరని అడిగింది. ప్రోటీన్లు అల్లే రైబోసోమ్ సరుకు లేక ఆగిపోతే, ఈ ఎంజైమ్ పోయి దాన్ని పట్టుకొని ఒళ్లు సాపుతదన్న. సిరిసిల్లల మా దోస్తోళ్ల సాంచ (మరమగ్గం) నూలు లేక ఆగితే, ఆ సప్పుడు బందైనందుకే వాడకట్టుకు ఎరుకైనట్టు అన్న. మేడం పెన్ను మూత పెట్టి, చాలన్నది.

చాలన్నది గని ముడి ఊడి రాలే. సింపుల్ సారే మోకాళ్ల మీద కూసొని గుంజిండు. చెమటలు వట్టినంక "ఇది సింపుల్‌గ వచ్చేటట్టు లేదమ్మా" అన్నడు. అంతసేపు మేడం మళ్ల పెన్ను మూత తీసి అడుగుతనే ఉన్నది, కట్టేసిన మేక లెక్క నిలవడి అన్నిటికీ జవాబిచ్చిన. ఆఖరుకు క్లాసుల నేనే ఫస్టు.

శుక్రారం బాపు పక్కింటి ఫోనుకు చేస్తే అంతా చెప్పిన. ఫస్టచ్చిన సంగతి ఇన్నడో లేదో, "ఏ ముడి ఏసినవ్ బిడ్డా?" అన్నడు. చెప్పిన. "మంచిదేసినవ్. గది మనిషిని కిందవడనియ్యదు" అన్నడు. బాపు గొంతుల గంత గర్వం నేను మళ్ల ఇనలే.

ఇప్పుడు నేనే పాఠం చెప్తున్న. పిల్లల ఫోన్లల్ల ఎంజైమ్ దానంతటదే తిరుగుతది. అయినా మొన్న అల్మారిలకెళ్లి మోకు తీసి, స్తంభానికి, నాకు చుట్టవోతే కొసలు కలువలే. తాడు పొట్టిగైందన్న. ముందు బెంచీ పిల్ల లేచి, "లేదు మేడం, స్తంభం లావైనట్టుంది" అన్నది.

దాని నోరు చూసి సంబురమైంది. ఆ పిల్లకు పెరుగు మీద సెమినార్ ఇచ్చేదే లేదు.