ఫిల్టరు కింద రబ్బరు

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఆ చిన్న ఊళ్లో ఎవరింటి ముందైనా కారు బానెట్ లేచిందంటే చాలు, చుట్టుపక్కల మగవాళ్లు జేబుల్లో చేతులు పెట్టుకుని చేరిపోతారు. సాయం చెయ్యరు గానీ సలహాలకు లోటుండదు. ఆ గుంపుకి పెద్ద ఆర్విడ్ టోలెఫ్సన్. పాల ఫ్యాక్టరీలో యంత్రాలు బాగుచేసి రిటైరైనవాడు. ఇంజిన్ ఆయిల్ మార్పించడానికి షాపుకెళ్లేవాళ్లంటే, ఎవరో అన్నం కలిపి నోట్లో పెడితే తప్ప తిననివాళ్లను చూసినంత చులకన అతనికి.

ఆ శనివారం మాత్రం గుంపు చేరకముందే పని ముగించాలని పొద్దున్నే మొదలుపెట్టాడు. షుగరు జబ్బు అతని స్పర్శను తినేస్తోంది. ముందు పాదాలు, ఇప్పుడు చేతి వేళ్లు. కాలి కింద బ్రేకు తెలియడం లేదని డాక్టరు చెవిన పడితే కారు ముట్టుకోవద్దంటాడు. చూపు మందగించి భార్య లొరేన్ ఏనాడో డ్రైవింగ్ వదిలేసింది. ఆ ఊరికి బస్సు లేదు. సరుకులకైనా, ఆసుపత్రికైనా, ఆమె చెల్లెలింటికైనా ఆ కారే దిక్కు. అందుకే భార్యకు కూడా చెప్పకుండా దాచాడు. ఈ పని సవ్యంగా చేస్తే తను ఇంకా పనికొస్తున్నట్టేనని లోలోపల పరీక్ష పెట్టుకున్నాడు.

కారు ముందు చక్రాలు ఏటవాలు ర్యాంపుల మీదికెక్కించి, అట్ట పరుచుకుని కిందికి దూరాడు. పాత ఆయిల్ వంపి, దాన్ని వడకట్టే ఫిల్టరు ఊడదీశాడు. ఒక్కోసారి ఫిల్టరు వస్తుంది కానీ దాని రబ్బరు చుట్ట ఇంజినుకే అంటుకుపోతుంది. దాని మీదే కొత్త ఫిల్టరు బిగిస్తే సరిగా అతకక ఆయిలంతా కారిపోతుంది. ఆ చోటు కంటికి ఆనదు, వేలితో తడిమి చూసుకోవాల్సిందే. ఆర్విడ్ తడిమాడు. వేలికి ఏమీ తగల్లేదు. లేదనుకుని కొత్త ఫిల్టరు బిగించి, కొత్త ఆయిల్ పోసి ఇంజిన్ స్టార్ట్ చేశాడు.

పోసిన ఆయిలంతా క్షణాల్లో సిమెంటు మీదికొచ్చింది. ఇంజిన్ ఆపి దిగేసరికి పొరుగింటి ఎల్డన్ కాఫీ కప్పుతో నిలబడి ఉన్నాడు.

"ఏరా, ఊరందరికీ పాఠాలు చెప్పేవాడివి, పాత రబ్బరు తియ్యకుండా బిగించావా?"

"చూశాను. లేదు."

"లేకపోతే మరి ఇదేంటి, నీ కారు ఉచ్చ పోసుకుందా?"

ఆర్విడ్ నవ్వలేదు. మళ్లీ కిందికి దూరి, ఫిల్టరు ఊడదీసి, మళ్లీ మళ్లీ తడిమాడు. ఉత్త చేత్తో బయటికొచ్చాడు, ఏడుపొచ్చేలా ఉంది. అతని ముఖం చూసి ఎల్డన్ కాఫీ చల్లారిందని చెప్పి ఇంటికి పోయాడు.

గొడవ విని లొరేన్ బయటికొచ్చింది. మాట్లాడకుండా అట్ట మీద పడుకుని, చెయ్యి పైకి పోనిచ్చింది.

"ఇదిగో, ఇక్కడే ఉంది కదా," అంటూ నల్లటి చుట్టను ఊడలాగి అతని అరచేతిలో పెట్టింది. "ఇంత లావుంది. నీకెలా తగల్లేదు?"

ఆర్విడ్ వెళ్లి గుమ్మం మెట్టు మీద కూలబడ్డాడు. లొరేన్ లేచి అతని పక్కన మెట్టు మీద కూర్చుంది.

"కళ్లు మూసుకో."

"ఎందుకే?"

"మూసుకో, చెప్తాను."

మూసుకున్నాడు.

"నీ చెయ్యి పట్టుకున్నానా, వదిలేశానా?"

గాలి చల్లగా వీస్తోంది. ఎక్కడో కుక్క మొరుగుతోంది. చేతుల దగ్గర మాత్రం ఏమీ లేదు. ఎన్నో ఏళ్ల కాపురం, ఎటు చెప్పాలో అతనికి తెలియదా.

"పట్టుకున్నావు."

"ఆఁ, పట్టుకున్నాను," అంది లొరేన్.

కళ్లు తెరిచాడు. ఆమె రెండు చేతులూ ఆమె ఒళ్లోనే ఉన్నాయి.

ఆర్విడ్ జేబులోంచి కారు తాళం తీసి ఆ చేతుల్లో పెట్టాడు. ఆమె దాన్ని గుప్పిట్లో బిగించుకుంది. సోమవారం సరుకులకు ఎలా వెళ్లాలో ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.