కోడి బంటి నీళ్లు

నేను పుట్టింది పాలకుర్తి దగ్గర ఒక పల్లెలో. మా వైపు నీళ్లంటే బావి అడుగున మెరిసేవి, లేదా బోరు మోటారు దగ్గి దగ్గి పోసేవి. నాలుగు చినుకులు పడితే పిల్లా పెద్దా వాకిట్లోకొచ్చి నిలబడి చూసేవాళ్లం. అలాంటిదాన్ని నీటిపారుదల శాఖలో ఇంజనీరునై, డోర్నకల్ అవతల ఏటి ఒడ్డునున్న ఒక చిన్న ఊళ్లో పడ్డాను. ఆరు నెలలు తిరక్కుండానే ఆ ఊరికి వరద రాకుండా కట్ట ప్లాను గీయమన్నారు. మా నాయిన ఫోనులో పకపకా నవ్వాడు. "జనగామ బిడ్డవు, వరద ఎట్లుంటదో నీకెరుకేనా? ముందుగాల ఈత నేర్చుకో" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఒళ్లు మండడం నాకు కొత్త కాదు. ఇది చెప్పడం అయిపోయేలోపు ఇంకోసారి కూడా మండుతుంది, ఆ మంట మాత్రం అనవసరంగా మండింది.

అంతకు ముందటి వానాకాలం ఏరు పొంగి బజారు మోరీల దాకా వచ్చింది. అందుకే కట్ట అడిగారు. ఏటికీ ఊరికీ మధ్య సన్నటి నేల పట్టీ ఉంది. ఆ పట్టీ మీద ఊరివైపు అంచున తండా ఇళ్లు ఒక వరసలో ఉన్నాయి. కొలతలు తీశాం, మేకులు పాతాం. ఇక కావలసింది ఒక్కటే. ఊరెరిగిన వరదల్లో అన్నిటికన్నా పెద్దది ఎంత ఎత్తు వచ్చిందో తెలిస్తే, దానికి కొంత కలుపుకొని కట్ట ఎత్తు ఖాయం చేయవచ్చు. అందరూ "పెద్ద ఏరు" అని చెప్పుకునే ఆ వరద వచ్చి చాలా ఏళ్లయింది. దఫ్తరంలో ఎంత వెతికినా ఆ చోటు గురించి ఒక్క అంకె దొరకలేదు.

"కాగితం లేకపోతే మనుషుల్నడగాలమ్మా. మా లంకల్లోనూ అంతే" అన్నారు మా పై అధికారి. ఆయన గోదావరి జిల్లా మనిషి. వరదలు చూసి చూసి జుట్టు నెరిసినవాడు.

అడుగుదామనుకునేసరికి సమ్మె మొదలైంది. తెలంగాణ ఇచ్చేదాకా పని ముట్టుకునేది లేదని అందరం బయటికొచ్చాం. ఆఫీసుకు తాళం పడింది. కొలతల మిషను, జనం దుర్బీను అనేది, లోపలే ఉండిపోయింది. పొద్దున్నే శిబిరానికి పోయి కూర్చోవడం, నినాదాలు ఇవ్వడం, చాయ్ తాగడం మా దినచర్య. సారు శిబిరానికి రాలేదు, ఆఫీసూ తెరవలేదు. అద్దె ఇంట్లో కూర్చుని తొట్లో మల్లె మొక్కలకు నీళ్లు పోసుకునేవారు. దారిలో ఎదురైతే మా వాళ్లు "సారూ, గిప్పుడన్న జై తెలంగాణ అనరాదుండ్రి" అని ఆటపట్టించేవారు. ఆయన నవ్వి, "అనకపోయినా వచ్చేటట్టే ఉంది కదండీ" అనేవారు.

ఒకరోజు నడిరోడ్డు మీద వంటావార్పు పెట్టారు. బస్సులు ఆపేసి, రోడ్డు పొడుగునా రాళ్లు పేర్చి పొయ్యిలు పెట్టి, ఊరు ఊరంతా అక్కడే వండుకుని అక్కడే తింది. పప్పు కుతకుత ఉడుకుతోంది, డప్పులు మోగుతున్నాయి. ఊరంతా ఒక్కచోట దొరికిన ఆ రోజును వదులుకోబుద్ధి కాలేదు. సంచిలోంచి నోటుబుక్కు తీశాను.

"సమ్మెల ఉండి పని జేస్తవా మేడం?" అన్నాడు బజార్లో బట్టలు కుట్టే దర్జీ.

"పని కాదన్నా, ముచ్చటే. పెద్ద ఏరు వచ్చినప్పుడు మీ దిక్కు నీళ్లు ఎంత వచ్చినయి?"

దర్జీ తన తండ్రి చెప్పింది గుర్తు చేసుకుని, మా కొట్టు కాడ మోకాలి బంటి అన్నాడు. పక్కనున్న చాయ్ హోటలాయన ఊరుకుంటాడా? "మోకాలేంది, నడుము బంటి!" అన్నాడు. కిరాణా కొట్టాయన ఛాతీ బంటి అన్నాడు. నిమిషంలో నీళ్లు గొంతు దాటి ముక్కు దాకా వచ్చాయి. చివరికి ఒకాయన తన తాత చింతచెట్టు కొమ్మ పట్టుకుని వేలాడాడని, కాళ్ల కింద చేపలు తిరిగాయని చెప్పాడు. నీళ్లు ఎంత ఎక్కువ చెబితే కట్ట అంత గట్టిగా వస్తుందని వాళ్ల లెక్క. దర్జీని చూసి అందరూ నవ్వారు. ఆయన మాత్రం మోకాలు వదలలేదు.

ఎవరిని నమ్మాలో తెలియక తల పట్టుకున్నాను. అప్పుడు హోటలాయనే అన్నాడు: "యాడినడుగు. పెద్ద ఏటిని కండ్లార చూసినోళ్లల్ల ఆమెనే మిగిలింది."

యాడి అంటే తండా వాళ్ల భాషలో అమ్మ. ఆమెను ఊరంతా అలాగే పిలుస్తుంది. వరసలో చివరి ఇల్లు ఆమెది. తండ్రి కట్టిన రాతి గోడల ఇల్లు. పుట్టిందీ అక్కడే, పెళ్లయ్యాక భర్త ఇల్లరికం రావడంతో ఉండిపోయిందీ అక్కడే. పొయ్యి దగ్గర గంటె తిప్పుతున్న ఆమె, నా ప్రశ్న విని గంటె పక్కన పెట్టి, అరచేయి గొంతుకు అడ్డంగా పెట్టుకుంది.

"మా ఇంట్ల గొంతు బంటి బిడ్డా. మా బాపు నన్ను ఎత్తుకున్నడు."

ఆ మాటకు తిరుగులేదనిపించింది. గదికెళ్లి కూర్చుని ఆమె ఇంటి నేల నుంచి గొంతు ఎత్తు వేసి, పైన కొంత కలిపి, కట్ట గీశాను. కట్ట ఎత్తు ఒక అడుగు పెరిగితే కింద వెడల్పు నాలుగడుగులు పరుచుకుంటుంది. ఏటి వైపు జరగడానికి చోటు లేదు, కాబట్టి ఆ పరుపంతా తండా మీదికే వచ్చింది. మర్నాడు టేపు పట్టుకుని, సున్నంతో గీత పోసుకుంటూ పోయాను. గీత మిగతా ఇళ్ల పెరళ్లను రాసుకుంటూ పోయి, ఏటి వైపు తిరిగి ఉన్న యాడి ఇంటి అరుగెక్కి, గడప దాటి, లోపలికి పోవాలంది. చేతిలో సున్నం డబ్బాతో అలా నిలబడిపోయాను.

యాడి బయటికొచ్చి గీతనూ నన్నూ చూసింది. "ఏంది గిది?"

చెప్పాను. కట్ట కిందికి ఈ ఇల్లు పోతుందని, వేరే చోట జాగా ఇవ్వమని రాస్తానని గొణిగాను. ఆమె ఏడవలేదు. గుమ్మంలో కూర్చుని, "నా గొంతే నా ఇంటిని మింగిందా?" అంది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

రెండో రోజు యాడి శిబిరానికి వచ్చింది. అందరి ముందూ నా ఎదురుగా నిలబడి, "బిడ్డా, నీళ్లు నడుము బంటే వచ్చినయి. రాసుకో" అంది.

ఇదిగో, ఇక్కడే మండింది. మొన్న గొంతు, నేడు నడుము. ఇల్లు పోతుందనేసరికి నీళ్లు దిగాయన్నమాట! "యాడీ, నువ్వు దిగమంటె దిగేటందుకు ఏరు నీ మేక కాదు. నీ ఒక్క ఇంటి కోసం ఊరు మునగాల్నా?" అనేశాను.

"నేను అబద్దం జెప్తున్ననా?" అని అడిగిందామె. జవాబు కోసం చూడకుండా వెళ్లిపోయింది.

సాయంత్రం ప్లాను చుట్ట పట్టుకుని సారింటికి పోయాను. సమ్మె నాది, ప్లానూ నాదే, కానీ చెప్పుకోవడానికి ఇంకెవరూ కనబడలేదు. ఆయన మల్లె తొట్టి పక్కనే కాగితం పరిచి, నా నోటుబుక్కు తిరగేశారు. మోకాలి బంటి, నడుము బంటి, గొంతు బంటి. ముసిముసిగా నవ్వారు.

"మా వైపూ బంటే అంటామమ్మా. ఈ ఒక్క మాట మీదైనా మనకు తగాదా లేదు." కళ్లజోడు సర్దుకుని ఒక గీత కింద వేలు పెట్టారు. "గొంతు సరే. ఎవరి గొంతు?"

"యాడి గొంతు సార్."

"ఆవిడకప్పుడు ఎన్నేళ్లు?"

ఎత్తుకున్నడు అని ఆమె తన నోటితో చెప్పింది. గొంతు దాకా నీళ్లున్న పెద్ద మనిషిని ఏ తండ్రి ఎత్తుకుంటాడు? తల తీసేసినట్టయింది.

"మాటను కొలవకూడదమ్మా. ఆ మాట పక్కన గోడో గడపో ఉంటుంది, దాన్ని కొలవాలి" అంటూ ఆయన చెప్పులేసుకున్నారు.

మేం పోయేసరికి యాడి గుమ్మంలో బియ్యం ఏరుతోంది. నన్ను చూసి చాటతో సహా అటు తిరిగి కూర్చుంది. సారుకు మాత్రం పీట వేయించింది. నేను ఆమె ముందుకెళ్లి నేల మీద కూర్చున్నాను. "తప్పు నాది యాడీ. అడగాల్సింది అడగకుంట నిన్ను అబద్ధాలదాన్ని జేసిన. గప్పుడు నీకు ఎంత ఈడు?"

ఆమె చాటలోంచి ఒక రాయి ఏరి పారేసింది. తర్వాత అంది: "పాలపండ్లు ఊడుతున్నయి."

లేచి లోపలికి రమ్మంది. గోడలో ఒక గూడు ఉంది. రాతి అంచు నున్నగా అరిగిపోయింది. పెద్ద ఏరు వచ్చిన రోజు ఆ గూట్లో కోడి పొదుగు మీద ఉందట. నీళ్లు ఇంట్లోకి వచ్చి, ఎక్కి, ఎక్కి, గూటి అంచును తాకి ఆగాయట. తండ్రి పిల్లను భుజాన వేసుకుని కోడిని కూడా తీయబోతే, అది చేతిని పొడిచింది గానీ లేవలేదట. మూడోనాడు నీళ్లు తీశాక వచ్చి చూస్తే బురద ఇంట్లో పిల్లలతో తిరుగుతోందట.

"గీడ నిలబడ్డ నేను" అని గూటిని ఆనుకుని నిలబడి చూపించింది యాడి. అంచు ఆమె నడుముకు తగిలింది. "నువ్వు గీత వోసి పొయినంక గోడకు ఆనుకొని ఏడుస్తుంటె గిది నడుముకు తాకింది. గందుకే నడుము బంటి అని జెప్పొచ్చిన."

గొంతూ నిజమే, నడుమూ నిజమే. రెండూ ఒక్క నీళ్లే. మధ్యలో పెరిగింది యాడి. ఆమె రెండుసార్లూ నిజమే చెబితే, శిబిరంలో నలుగురి ముందు నేనన్న మాట గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

ఇక కొలవాలి. దుర్బీను తాళంలో ఉంది. తాళం తీస్తే సమ్మె చెడుతుంది. సారు ఊరి మేస్త్రీ దగ్గర నీళ్ల పైపు అడిగి తెచ్చారు. ఇళ్లు కట్టేటప్పుడు మట్టం చూసుకునే సన్నటి పారదర్శక గొట్టం. అందులో నీళ్లు నింపి రెండు కొసలు ఎత్తి పట్టుకుంటే, ఎంత దూరమైనా నీళ్లు రెండు పక్కలా ఒకే ఎత్తులో నిలుస్తాయి. ఒక కొస గూటి అంచు దగ్గర యాడి పట్టుకుంది, రెండోది బయట మా మేకు దగ్గర సారు. నేను మధ్యలో గాలి బుడగలు తడుతూ తిరిగాను. "కదలకండమ్మా" అని ఆయన, "నేను కదుల్తలేను, నీ కొసనే ఊగుతున్నది సారూ" అని ఈమె. అదే పైపుతో మేకు నుంచి మేకుకు పోతూ బజారు దాకా లాక్కుపోయాం. అక్కడ దర్జీ కొట్టు ముందు ఆ మట్టం సరిగ్గా ఎక్కడికొచ్చిందనుకున్నారు? దర్జీ మోకాలికి. ఆయన కాలు చాపి ఊరంతటికీ చూపించుకున్నాడు.

కట్ట అడుగున్నర దిగింది. కింద పరుపు ఆరడుగులు తగ్గింది. సున్నపు గీత గడప దిగి, అరుగు దిగి, మేకల దొడ్డి అంచున ఆగింది. దొడ్డి మూల పోతుందని యాడి అక్కడా తగాదా పెట్టుకుంది. సారు కట్టను అక్కడ కాస్త వంచి గీయించారు. పైన కలిపే ఎత్తును మాత్రం అంగుళం కూడా తగ్గించనివ్వలేదు. "కోడి ధైర్యం కోడిది, మనం భయంతోనే కట్టాలి" అన్నారు.

సమ్మె అయిపోయాక అంచనా కాగితాల్లో "స్థానికులిచ్చిన సమాచారం మేరకు" అని రాశాం. నా నోటుబుక్కులో మాత్రం "కోడి బంటి" అని ఉంది. రాష్ట్రం వచ్చింది. సారు తన వైపు వెళ్లిపోయారు. వెళ్లేరోజు బస్సు కిటికీలోంచి, ఎవరూ అడక్కుండానే, జై తెలంగాణ అన్నారు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ తర్వాత కట్ట లేచింది, నాకు భూపాలపల్లికి బదిలీ అయింది.

కట్ట కట్టాక మొదటిసారి ఏరు పెద్దగా వచ్చినప్పుడు నేను భూపాలపల్లిలోనే ఉన్నాను. అక్కడా జోరు వాన. తెల్లారిందగ్గర్నుంచి ఫోను పట్టుకునే కూర్చున్నాను. అడుగున్నర దించింది నేనే కదా. సారు అటునుంచి రెండుసార్లు ఫోన్ చేశారు. చివరికి యాడి కొడుకు నంబరు దొరికింది. ఫోను ఆమెకిచ్చాడు.

"యాడీ! నీళ్లు ఏ బంటి ఉన్నయి?" అని అరిచాను.

"ఎవరి బంటి? ముందుగాల అది జెప్పు" అంది అటునుంచి. "కట్టకు ఆవలి దిక్కు నా నడుము బంటి. ఈవలి దిక్కు సుక్క లేదు. జర మెల్లగ మాట్లాడు బిడ్డా, గూట్ల కోడి పొదుగు మీదున్నది."