కొడవలి ఇంటికి రావాల

ఇంటర్వ్యూకు పోతే అందరూ గోడ మీది ర్యాంకుల ఫ్లెక్సీ చూస్తారు. నేను స్టాఫ్ రూములో కుర్చీలు లెక్కపెడతాను. పద్దెనిమిది మంది లెక్చరర్లకు ఏడు కుర్చీలు ఉన్నాయంటే అక్కడ కూర్చోవడం నేరమని అర్థం. తర్వాత మంచినీళ్ళు అడుగుతాను. దాహమై కాదు, ఆ నీళ్ళు తెచ్చే మనిషి ముఖం చూడాలని. ఆమె గ్లాసు పెట్టి నా వైపు జాలిగా చూసిందా, నేను ఆ నీళ్ళు తాగేసి మర్యాదగా లేచి వస్తాను.

నేను ఫిజిక్స్ చెప్తాను. కర్నూలు, కడప జిల్లాల్లో ప్రైవేటు జూనియర్ కాలేజీల గడపలు చాలానే తొక్కాను. కర్నూల్లో ఒక ప్రిన్సిపాల్ నన్ను సబ్జెక్టులో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "మేడం, స్కూటీ నడపను వచ్చునా మీకు?" అన్నాడు. వచ్చన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది, రేపే చేరమన్నాడు. ఎండాకాలం వస్తే ఓర్వకల్లు దాకా పల్లెపల్లె తిరిగి, పదో తరగతి పిల్లల ఇళ్ళ ముందు నిలబడి, మా కాలేజీలో చేర్పించండని బతిమాలేది లెక్చరర్లే. ఫిజిక్స్ అడగకుండా స్కూటీ అడిగారంటే ఆ ఉద్యోగం స్కూటీకే గానీ నాకు కాదు. నేను చేరలేదు.

కడపలో ఇంకొకాయన చేతులు రెండూ చాచి, "ఇక్కడ మేమంతా ఒకే కుటుంబం అమ్మా" అన్నాడు. మా సీమలో కుటుంబమంటే ఏమిటో నాకు తెలియదా? గట్టు జానెడు జరిగిందని అన్నదమ్ములు ఏళ్ళ తరబడి కోర్టు మెట్లు ఎక్కుతారు. పైగా కుటుంబంలో ఆడదానికి ఆదివారం ఉండదు. "సంతోషం సార్, మరి ఆదివారం సెలవేనా?" అన్నాను. ఆయన చేతులు ముడుచుకున్నాడు.

ఈ తెలివి నాకు ఎమ్మెస్సీలో రాలేదు. మా అమ్మ నేర్పింది. నేర్పింది అంటే, ఆమె ముందే చెప్పింది, నేను వినలేదు, తర్వాత నా తల బొప్పి కట్టింది.

మాది కర్నూలుకు పడమటి పక్క పల్లె. మా అమ్మ కూలికి పోయే మనిషి, వేలిముద్ర మనిషి. పన్నెండు మంది ఆడవాళ్ళ గుంపుకు ఆమే పెద్ద. సాయంత్రం ఎవరో రైతు వచ్చి, రేపు పత్తి తీయడానికి రావాలంటే, అమ్మ అరుగు మీద కూర్చొని అతన్ని నిలబెట్టి అడిగేది. "చేను యాడప్పా? సద్ది తినను చెట్టు నీడ ఉండాదా? నీళ్ళు ఎవురు మోస్తారు? పొద్దు గుంకకముందే ఆటో ఇండ్లకాడ దించుతాదా?" అసలు ప్రశ్న మాత్రం రైతును అడిగేది కాదు. అతను పోయాక పక్క వీధికి పోయి, నిన్న అతని చేనుకు ఎవరు పోయారో, ఈ రోజు ఎందుకు పోలేదో కనుక్కొని వచ్చేది. రోజంతా గట్టు మీద నిలబడి వీపుల్ని కాపలా కాసే రైతు అయితే, అతని పత్తి బంగారమైనా సరే, మా అమ్మ గుంపు పోదు.

ఆ గుంపులో ఒక కట్టుబాటు ఉంది. జొన్న కోతకైనా, కలుపుకైనా ఎవరి కొడవలి వాళ్ళు తీసుకుపోవాలి, పొద్దు గుంకేసరికి ఎవరి కొడవలి వాళ్ళు ఇంటికి తెచ్చుకోవాలి. "ఎందుకమ్మా మోసుకొని పోతారు, ఈడే పెట్టిపోండి, రేపు ఎట్లా వస్తారు కదా" అని రైతు ప్రేమగా అన్నాడంటే అక్కడే అనుమానపడాలి. కొడవలి వాడింట్లో ఉంటే, తెల్లారి ఒళ్ళు బాగలేకపోయినా, వేరే చేనుకు మాటిచ్చినా, మొదట వాడి గడప తొక్కాల్సిందే. అమ్మ కొడవలి మాత్రం రోజూ మా ఇంటి చూరుకే వేలాడేది.

బీఈడీ కూడా అయ్యాక, మా ఊరి పక్క టౌనులో ఒక కాలేజీ నన్ను ఇంటర్వ్యూకు పిలిచింది. ఆ కాలేజీ చైర్మన్ తండ్రికి మా ఊరి దారిలోనే పెద్ద పత్తి చేను ఉంది. అమ్మ గుంపు ఏటా పోయే చేను అది. పెద్దాయన నోరు దురుసు గానీ నీళ్ళ కుండ తనే మోసుకొచ్చే రకం. నేను లెక్క వేసుకున్నాను: తండ్రి మంచివాడు, కాబట్టి కొడుకు మంచివాడు, కాబట్టి కాలేజీ మంచిది. ఇంత దిక్కుమాలిన లెక్క వేసినదాన్ని పిల్లలకు ఫిజిక్స్ చెప్పనిచ్చారంటేనే ఆ కాలేజీ ఏపాటిదో నాకు తెలియాల్సింది.

చైర్మన్ గాజు గదిలో ఏసీ కింద కూర్చొని నా ఫైలు తిరగేశాడు. "ఒరిజినల్స్ ఆఫీసులో ఇచ్చి పోండి మేడం. మా దగ్గర భద్రంగా ఉంటాయి" అన్నాడు. భద్రంగా అన్న మాటకు నేను కరిగిపోయాను. ఇంట్లో ఎలుకలు, ఇక్కడ ఇనుప బీరువా. పదో తరగతి, ఇంటర్, డిగ్రీ, ఎమ్మెస్సీ, బీఈడీ, ఐదింటినీ రెండు చేతులతో అందించి థాంక్స్ కూడా చెప్పాను. ఇప్పటికీ ఆ థాంక్స్ గుర్తొస్తే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఇంటికి పోయి ఉద్యోగం వచ్చిందని ఎగిరాను. అమ్మ రొట్టె తడుతూనే, "నీ కాయితాలు యాడ?" అంది.

"కాలేజీలో పెట్టుకున్నారమ్మా. రూలు."

అమ్మ పిండి చేతులతోనే లేచి నిలబడింది. "మొదటి పొద్దే కొడవలి వానింట్లో పెట్టి వస్తివా? ఇన్నేండ్లు సదివితివి కదే!"

"అది కొడవలీ కాదు, ఇది చేనూ కాదు. నీకు తెలీదులే" అన్నాను. చదువుకున్న కూతుళ్ళందరం ఒకసారైనా అనే మాటే అది. అమ్మ మళ్ళీ పొయ్యి ముందు కూర్చుంది. పెనం మీది రొట్టె మాడింది.

మూడు నెలల్లో నాకు ఆ కాలేజీ అర్థమైంది. ఆదివారం మహానందికి స్టాఫ్ టూర్ అంటే ఎగిరి బస్సెక్కాను. తీరా గుడి దగ్గర దిగాక మా చేతుల్లో కరపత్రాల కట్టలు పెట్టి, కోనేరులో మునిగి లేచిన వాళ్ళందరికీ పంచమన్నారు. తడిబట్టల్లో వణుకుతున్న ఒక తాత, "ప్రసాదమేమో అనుకుంటి కదమ్మా" అని కరపత్రం తిరిగి ఇచ్చేశాడు.

అయినా ఓర్చుకున్నాను. ఎందుకంటే నేను గురుకుల పాఠశాల టీచరు పోస్టుకు పరీక్ష రాసి ఉన్నాను. అది ప్రభుత్వ ఉద్యోగం. మా వంశంలో ప్రభుత్వం నుంచి మాకు వచ్చింది రేషన్ కార్డు ఒక్కటే. ఆ పోస్టు పిలుపు పత్తి తీసే రోజుల్లో వచ్చింది. సోమవారం కర్నూల్లో సర్టిఫికెట్ల పరిశీలన, ఒరిజినల్స్ తప్పనిసరి.

చైర్మన్ దగ్గరికి పోయాను. "సంవత్సరం మధ్యలో ఇచ్చేది లేదు మేడం. మార్చి పరీక్షలు కానీండి, చూద్దాం" అన్నాడు. ఒక్క రోజుకు ఇవ్వండి, మంగళవారం తిరిగి పెడతానన్నాను. బతిమాలాను. ఏడ్చాను కూడా. ఆయన ఫోను చూసుకుంటూ, "ఇవి చూసే కదా మేడం మీకు ఉద్యోగం ఇచ్చింది" అన్నాడు. నా ఇన్నేళ్ళ చదువు ఆయన వెనకున్న బీరువాలో ఉంది, తాళంచెవి ఆయన జేబులో ఉంది. అంత అవమానం నేను ఎప్పుడూ పడలేదు.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె బయటికి పోయి ఆకాశం చూసి వచ్చింది. మోడం పట్టి, వాన వచ్చేట్టు ఉంది. "రేపు పెద్దాయన పత్తికి పోవాల మేము" అంది, నేను అడిగినదానికి సంబంధం లేనట్టు. నాకు కోపమొచ్చి తినకుండా పడుకున్నాను.

మర్నాడు శనివారం. రెండో పీరియడ్‌లో క్లాసు చెప్తుంటే అటెండర్ పరిగెత్తుకొచ్చి, "మేడం, మీ అమ్మ కింద..." అని ఆగిపోయాడు. దిగి చూస్తే రిసెప్షన్ సోఫాల నిండా మా అమ్మ గుంపు. పన్నెండు మంది, తలకు గుడ్డలు, నడుముకు పత్తి సంచులు, ఒళ్ళో సద్ది మూటలు. పెద్దాయన వాళ్ళ కోసం పంపిన ఆటోలనే ఎక్కి, చేను దగ్గర దిగకుండా, నేరుగా కాలేజీకి పోనిమ్మన్నారట. ఒకామె ఏసీకి వణికి సంచి కప్పుకొని, "ఈ చలిలో ఎట్ల బతుకుతాండారే ఈళ్ళు!" అంటోంది. ఇంకో ముసలామె ర్యాంకుల ఫ్లెక్సీ ముందు నిలబడి చేతులు జోడించింది. "పాపం, అంతా చిన్న పిల్లోళ్ళే. ఏం బస్సు బోల్తా పడిందో ఏమో!"

నాకు నవ్వాలో, సిగ్గుతో చావాలో తెలియలేదు. నిజం చెప్పాలంటే ముందు సిగ్గే పడ్డాను. మెట్ల మీద నుంచి నా స్టూడెంట్లు తొంగి చూస్తున్నారు.

చైర్మన్ గదిలోంచి వచ్చాడు. "ఏమ్మా, ఎవరు మీరంతా?"

అమ్మ లేచింది. "మీ నాయన చేనులో పత్తి తీసేవాళ్ళం సామీ. మా పాప కాయితాలు ఐదు మీకాడ ఉండాయంట. తీస్కొని పోదామని వచ్చినాము."

"అవి అట్లా ఇయ్యరమ్మా. రూల్సు ఉంటాయి. ముందు మీరు లేచి పోండి."

"యాడికీ తొందర లేదు సామీ. ఈడ నీడ శానా బాగుండాది" అని అమ్మ మళ్ళీ కూర్చుంది. మిగతావాళ్ళు సద్ది మూటలు విప్పారు. రిసెప్షన్ నిండా ఎర్రకారం వాసన.

వాచ్‌మన్‌ను పిలవబోతుండగా చైర్మన్ ఫోను మోగింది. ఆటోవాళ్ళు సంగతి చేరవేసినట్టున్నారు. పెద్దాయనకు ఫోన్లో కూడా చేను అవతలి మనిషిని పిలిచినట్టే మాట్లాడడం అలవాటు, అందరికీ వినిపించింది.

"ఏమిరా, నా కూలోళ్ళు నీకాడ ఏం చేస్తాండారు? ఈడ మోడం నెత్తి మీద ఉండాది, పత్తి అంతా పగిలి తెల్లగా నిలబడుండాది!"

"అది కాదు నాయనా, ఇది కాలేజీ పాలసీ..."

"నీ పాలసీని బొంద పెట్టు! నాలుగు చినుకులు పడినాయంటే నల్లగయి పోతాది పత్తి. ఎవురి కాయితాలు వాళ్ళకిచ్చి పంపిస్తావా, నన్ను రమ్మంటావా?"

చైర్మన్ ఫోను పెట్టి, ఎవరి ముఖమూ చూడకుండా గదిలోకి పోయి బీరువా తెరిచి వచ్చాడు. కవరు నాకు ఇవ్వబోతే అమ్మ చేయి చాచి తనే తీసుకుంది. సోఫాలో కూర్చొని ఒక్కొక్క కాగితం ఒళ్ళో పెట్టుకొని లెక్కపెట్టింది. ఆమెకు ఒక్క అక్షరం రాదు. పదో తరగతి మెమో మూలన, నేను పాసైన రోజు తను పెట్టిన పసుపు మరక కోసం వెతికి, దాన్ని వేలితో ముట్టుకొని, అప్పుడు ఐదు అంది. ఆ వేలు చూస్తూ నేను అందరి ముందూ ఏడ్చేశాను. నీకు తెలీదులే అని నేను అన్నది ఈమెనా అని.

మధ్యాహ్నానికి చినుకు పడేలోపు వాళ్ళు సగం చేను తీశారు. నన్ను మాత్రం కాలేజీవాళ్ళు సోమవారం నుంచి రావద్దన్నారు.

సోమవారం కర్నూల్లో, టేబుల్ వెనక గుమాస్తా అవన్నీ చూసి, "ఇక్కడ పెట్టి బయట తిరిగి రండి, సాయంత్రం ఇస్తాం" అన్నాడు. "పర్వాలేదు సార్, ఇక్కడే కూర్చుంటాను" అన్నాను. అతను విచిత్రంగా చూశాడు. నేను కదల్లేదు. గేటు బయట వేప చెట్టు కింద అమ్మా కదల్లేదు.

ఒక్కో పోస్టుకు ఇద్దర్ని పిలిచారు. నెల తర్వాత వచ్చిన చివరి జాబితాలో నా పేరు లేదు. కాలేజీ ఉద్యోగం పోయింది, సర్కారు ఉద్యోగం రాలేదు. రెండు రోజులు మంచం దిగలేదు. ఇంత చేసి, ఇంతమందికి పూట కూలి పోగొట్టి, చివరికి ఏం సాధించానని అమ్మ ముందే మొత్తుకున్నాను.

అమ్మ కూలికి పోను తయారవుతోంది. చూరు నుంచి కొడవలి తీసి నడుముకు దోపుకుంది. ట్రంకు పెట్టె తెరిచి, నా ఫైలు తెచ్చి మంచం మీద పడేసింది.

"కూలికి పిలవకపోతే పిలవకపోయిరి. కొడవలి ఇంట్లోనే ఉండాది కదా. లెయ్."